నూనెగుడ్డ

ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో
పూరీల నూనె కన్నా ముందు
తుపాకీ నూనె వాసన లేచేది.
కంచరపాలెం మెట్టు దగ్గర రెండు గదుల వాటా.
కిటికీ తెరిస్తే గాలి, గాలి నిండా ఉప్పు.
"ఈ ఊళ్ళో ఇనుముకి శత్రువు దొంగ కాదే, సముద్రం"
అనేవాడు నాన్న,
రెండు గొట్టాల్నీ వెలుతురుకేసి పట్టి, ఒక కన్ను మూసి.

హవల్దారు పొట్నూరు గవరయ్య.
ఆ తర్వాత దొండపర్తి బ్యాంకు గుమ్మంలో
స్టూలు మీద పందొమ్మిదేళ్ళు.
పేల్చింది లేదు.
పెన్షన్ల రోజు ముసలాళ్ళకి ఫారాలు నింపడమే
ఆ చేతులకి ఎక్కువ పని.

లైసెన్సుందని తెలిసి
అడ్వాన్సు వెనక్కిచ్చేసిన ఓనర్లు ఇద్దరు.
మూడో ఆవిడ, కోరాడ వరాలమ్మ గారు,
వాటా అయితే ఇచ్చింది గానీ
మనవల్ని మా గడప తొక్కనిచ్చేది కాదు.
వీధంతా సంతకాలు పెట్టించి స్టేషన్లో అర్జీ కూడా ఇచ్చింది,
'పిల్లలున్న చోట అలాటి వస్తువు వద్దు బాబూ' అని.
తప్పేముంది, అమ్మా అదే అనేది.
తూటాల పెట్టె తాళంచెవి అమ్మ మెడలో
పుస్తెల పక్కనే వేలాడేది.

చెడ్డీ గ్యాంగు దిగిందని పుకారు లేచిన వేసవిలో
అదే వరాలమ్మ గారు అర్ధరాత్రి తలుపు కొట్టింది.
"గవరయ్యా, మేడ మీద తొంగోవా నాయినా.
దాన్ని కూడా అట్టుకెళ్ళు. కనపడీలా ఎట్టు."

పెళ్ళివాళ్ళడిగారు, ఊరేగింపులో గాలిలోకి ఒకటి కాల్చమని.
వార్డు నాయకుడి తమ్ముడడిగాడు,
ఊరికే వెనకాల నిలబడమని, ఫోటోల కోసం.
ఇద్దరికీ ఒకటే మాట:
"పేరు నాదే బాబూ. నమ్మకం సర్కారోళ్ళది.
ఎప్పుడైనా తిరిగి అడుగుతారు."
నిజంగానే అడిగేవారు. ఎన్నికలొస్తే చాలు
స్టేషన్లో అప్పజెప్పి, రసీదు మడిచి జేబులో పెట్టుకునేవాడు.
ఆ ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక
సైకిలు చైనుకి నూనె పెట్టేవాడు.

మొన్న కార్తీకంలో పోయాడు,
నేను డ్యూటీ చేసే వార్డులోనే.
దినకర్మలయ్యాక దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కించాను.
ఊర్వశి జంక్షన్ సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి
"వీణా మేడం?" అన్నాడు ఆటో అబ్బాయి.
"మా నాన్నది" అన్నాను.

రైటరు రిజిస్టరు లోంచి తలెత్తలేదు.
"అన్నదమ్ములెవరూ లేరా?"
లేరు.
"మీ పేరు మీదకి మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.
అయినా ఆడవాళ్ళకి ఎందుకమ్మా?"
పక్క బల్ల దగ్గర లేడీ కానిస్టేబుల్
బెల్టు బిగించుకుంటూ ఆయన్ని ఓసారి చూసింది.
నన్నోసారి.
ఏమీ అనలేదు.

ఎందుకో నాకూ తెలీదు.
రాత్రి పన్నెండుకి కేజీహెచ్ డౌను దిగి ఒక్కదాన్నే వస్తున్నప్పుడు
కావాలనిపిస్తుంది.
ఏజెన్సీ నుంచి తెచ్చిన కుర్రాడి తొడలోంచి
నాటుతుపాకీ రవ్వలు ఏరి ట్రేలో వేస్తుంటే
ఆ టింగుమనే చప్పుడుకి
ఎవరికీ వద్దనిపిస్తుంది.
ఫారం తెచ్చుకున్నాను. నింపలేదు.
చింపలేదు కూడా.

మెట్ల మీద వరాలమ్మ గారు కాచుక్కూచుంది.
"ఇచ్చేసినావా?"
ఇచ్చేశాను.
"మంచి పని సేసినావు" అని,
వీధి అటూ ఇటూ చూసి
నా చెవి దాకా వంగింది.
"గానీ అమ్మా,
ఇచ్చేసినావని ఎవలికీ సెప్పకు."

ఇవాళ ఆదివారం.
గాలి ఎప్పట్లాగే ఉప్పగా ఉంది.
ట్రంకుపెట్టెలో ఖాళీ పొడుగ్గా పడుకుని ఉంది.
దాని పక్కన నూనెగుడ్డ.
తీసి, కాసేపు చేతిలో పట్టుకుని,
తలుపు గొళ్ళేనికి రాశాను.